రోము దొరల వంశం, మా అత్త గది

మా మెట్టినింటికి వంశమనేది మా బావగారు రోము పోయొచ్చిన ఏడాది పుట్టింది. అంతకుముందు మాకు తాతలు మాత్రమే ఉండేవాళ్లు.

బావగారంటే మా ఆయనకు అన్న. రాజంపేటలో బట్టల అంగడి. టూరు వాళ్లు ఆయన్ని ఒక పెద్ద చర్చిలో దించి, ఒకే దొరల కుటుంబం గుర్తును స్తంభాల మీద, గడపల మీద, చివరికి నీళ్ల తొట్టి మీద కూడా చూపించారట. ట్యూబులైటు మీద వెలుగు కనబడకుండా దాత పేరు రాయించుకునే మన గుళ్ల పద్ధతి అంత దూరం పాకిందని ఆయనకు కన్నీళ్లొచ్చాయి. ఆ కుటుంబం చరిత్ర ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టారు.

"నువ్వు చదివి తెలుగులో చెప్పమ్మా. నాకు ఇంగ్లీషు వచ్చు గానీ, కండ్లకు పడదు."

నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. నాయనే ఇంట్లో కూర్చోబెట్టి, పొద్దున రామాయణం, మాపటికి ఇంగ్లీషు పేపరు చదివించాడు. ఆ భిక్షకు రోజూ దండం పెట్టుకుంటాను. దాంతో ఒకనాడు రోము దొరల పురాణం చెప్పాల్సి వస్తుందని ఆయనా అనుకుని ఉండడు పాపం.

మధ్యాహ్నం అంగడి మూసి, భోంచేసి, బావ మంచం మీద వాలితే నా పురాణం మొదలు. ఆ కుటుంబం మొదట్లో ఉన్ని బట్టలు అమ్ముకునేవాళ్లు. తెలివైన పిల్లవాణ్ని ఒకణ్ని చర్చికి ఇచ్చారు. ఆయన మెట్టు మెట్టుగా ఎక్కి పోపు అయ్యాడు. దేవుడి పిలుపు చిత్రమైంది. ఆయన్ని పిలిస్తే తమ్ముడి కొడుకులందరికీ వినబడింది. మీసం రాకముందే ఒకడు పోపు తర్వాతి పెద్దగురువు, అంటే కార్డినల్, ఇంకొకడు చర్చి సేనకు అధిపతి, మూడోవాడికి ఊళ్లకు ఊళ్లు.

బావ లేచి కూర్చున్నారు. "చూసినావా! వాళ్లదీ బట్టల యాపారమే. మనమూ రాములోరి గుడికి తరతరాల ధర్మకర్తలం."

"వాళ్ల ఇంట్లో పోపు ఉన్నాడు బావా."

"మన ఇంట్లో నేను లేనా?"

అంత వినయానికి మనసులో దండం పెట్టి పేజీ తిప్పాను.

ఆ గుడి ఒంటిమిట్ట దాటి లోపలికి పోతే మా ఊళ్లో ఉంది. దాని గోడకు ఆనుకుని ఒక గది. బావకూ మా ఆయనకూ మేనత్త, భర్త పోయినప్పటి నుంచి అందులోనే ఉంటుంది. తెల్లవారుజామునే లేచి రాముడికి పూలు కడుతుంది. మంచం మీద పడుకుంటే గర్భగుడి దీపం కనబడుతుంది. అది చూసిగానీ కండ్లు మూయదు. బావ ఆ గది పడగొట్టి, అక్కడ 'వంశ చరిత్ర మంటపం' కట్టాలని నిశ్చయించారు. అత్తకు రాజంపేట మేడ మీద ఏసీ గది.

"ఆడినుంచి రాముడు కనబడతాడా?" అంది అత్త.

"కెమెరా పెట్టిస్తా అత్తా. ఫోన్లో చూసుకో."

"నేను చూసేది సరే. నేను కనబడకపోతే ఆయన యాడ వెతుక్కుంటాడ్రా?"

ఇట్లాంటి ప్రశ్నలొస్తే బావకు వెంటనే ఎవరో ఫోన్ చేస్తారు. మా ఆయన ఉన్నారు గానీ, అన్న ముందర ఆయన నోరు తెరిచేది ఆవలించడానికే.

తర్వాత వంశానికి గుర్తు కావాల్సొచ్చింది. ఆ రోము వాళ్ల గుర్తు మొదట కోడిపుంజు. ఇంట్లో పోపు వెలిశాక అదే డేగ అయింది. ఇది విని బావ ఊరికి పోయి అత్తను అడిగారు.

"మన పెద్దోళ్లకు గుర్తుగా ఏముండె అత్తా?"

"గాడిద ఉండె. మీ ముత్తాత దాని మీద చీరల మూటలేసుకుని ఊరూరా తిరిగె. శానా మంచి గాడిద. ఆయప్పకంటే దానికే దార్లు బాగా తెలుసు."

వారం తిరక్కముందే హుండీ మీద, ఫ్యాన్ల మీద, ప్రసాదం గంగాళం మీద రెండు కాళ్ల మీద లేచిన గుర్రం వెలిసింది. దైవకృప ఉంటే కానిదేముంది!

మేస్త్రీ వచ్చి గది గోడకు సున్నంతో గీత కొట్టిపోయిన రోజు అత్త ఏడవలేదు, పెట్టె సర్దుకోలేదు. రోజూకంటే ఎక్కువ పూలు కట్టింది. అది చూసి నాకు భయమేసింది. "రామా, నాకు వాదించడం రాదు, చదవడం ఒక్కటే వచ్చు" అని దండం పెట్టుకుని, పుస్తకంలో ఆడవాళ్ల సంగతి ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. పెద్ద వంశం కదా, వాళ్ల ఆడవాళ్లకు చివర్లో రెండు పేజీలు ఇచ్చారు. ఆ రెండు పేజీలకూ నేను రుణపడి ఉన్నాను.

మరునాడు మధ్యాహ్నం మిగతావి దాటేసి అదే చెప్పాను. "పోపుకు చెల్లెలొకామె ఉండేదంట బావా. చర్చికి ఆనుకున్న చిన్న గదిలో సన్యాసినిగా బతికిందంట. ఆ వంశం మేడలు పోయాయి, ఊళ్లు పోయాయి. ఆమె గది మాత్రం అట్లే ఉందంట. జనం ఇప్పటికీ టికెట్ కొని చూస్తారంట."

"టికెట్టా!" బావ లేచారు. "మాకు చూపించలేదే ఆ టూరు నా కొడుకులు!" కాసేపు అటూ ఇటూ తిరిగారు. "మన అత్త గది కూడా అట్లాంటిదే కదమ్మా?"

"నాకేం తెలుసు బావా. మీరు చూసొచ్చినవారు."

ఆ గది తలుపుకు గడియ బయటివైపు ఉండేదన్న ముక్క కూడా పుస్తకంలో ఉంది. బావ రక్తపోటుకు అది మంచిది కాదని వదిలేశాను.

మేస్త్రీ మళ్లీ వచ్చి గీత చెరిపాడు. కారే కప్పు బాగుచేసి, గోడలకు వెల్ల వేశాడు. మంటపం రోడ్డు పక్కకు మారింది. అత్త తలుపు మీద మాత్రం బోర్డు వెలిసింది: 'వంశ సన్యాసిని నివాసము'.

"నేను సన్యాసినినారా? కారం దోసె లేకుంటే నాకు పొద్దే పోదు" అని అత్త తడి చీర తెచ్చి దాని మీద ఆరేసింది.

ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పాను, గడియ సంగతితో సహా. అత్త చేతిలో దారం ఆగింది.

"ఆయమ్మకు మంచం మీద నుంచి దేవుడు కనబడేటోడా?"

"అది రాయలేదత్తా."

"గడియ బయట పెట్టినోళ్లు కిటికీ పెట్టింటారా?" ముడి బిగించింది. "పొద్దున్నే ఆయమ్మ పేరున టెంకాయ కొట్టించు పాపా."

పొద్దున టెంకాయ పళ్లెం పట్టుకుని గుడి అయ్యవారికి ఆ రోము సన్యాసిని పేరు చెప్పాను. ఆయన రెండుసార్లు పలికి చూసుకుని, "గోత్రం?" అన్నారు.

పూలదండతో వస్తూ అత్త గడప దగ్గర నుంచే కేకేసింది.

"మాదే చెప్పు సామీ. మా ఇంటి ఆడబిడ్డే."