చైత్రాన్ని వైశాఖం చేసిన లెక్క

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇదేం బరువులే అనుకుంటూనే మోశాను. చనిపోయిన ఒకావిడ సంవత్సరీకం ఎప్పుడు పెట్టాలని అడిగితే, తెలిసి తెలిసి నెల తప్పు చెప్పాను. అంతే. ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. అయినా మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు. నన్ను వెనకేసుకురమ్మనీ అడగడం లేదు.

నాకు అంకెల పిచ్చి. పెద్ద చదువు చదివినవాణ్ణి కాదు. ఆక్లండ్ వచ్చిన కొత్తలో, ఇండియా క్యాలెండరు చూసి ఇక్కడ పండగలు చేసుకోవడం నాకు మింగుడుపడలేదు. మనకు వాళ్లకన్నా చాలా ముందే తెల్లవారుతుంది కదా. అక్కడ మంగళవారం వచ్చే తిథి ఇక్కడ ఒక్కోసారి బుధవారం వస్తుంది. పుస్తకాలు తెప్పించుకుని, తప్పులు చేసి, దిద్దుకుని, ఇక్కడి తిథిని ఇక్కడి సూర్యుడితో లెక్కకట్టడం నేర్చుకున్నాను. మొదట మా ఇంటికోసమే. తర్వాత మేముండే పాపటోయిటోయి పేటలోని మనవాళ్లంతా నాకే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. వ్రతం ఎప్పుడు, తద్దినం ఎప్పుడు అని. నేను చెప్పింది ఎవరూ సరిచూసుకోరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మొదటి లాక్‌డౌన్‌లో ఉగాది వెళ్లీ వెళ్లగానే తలుపులు మూసుకున్నాం. మా ఇంటిమీదుగా విమానాలు ఎగరడం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి మొదట్లో నిద్రపట్టేది కాదు. పిల్లలు నడిచేటప్పుడు చూసి లెక్కపెట్టుకుంటారని వీధిలో అందరూ కిటికీల్లో ఎలుగుబంటి బొమ్మలు పెట్టారు. డెయిరీలోకి, అంటే ఇక్కడి వీధి చివర కొట్లోకి, ఒకరు వెళ్లి వచ్చాకే ఇంకొకరు వెళ్లాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు టీవీలో ఆ రోజు కేసులు చెప్పేవాళ్లు. ఆ అంకెలు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చునేవాణ్ణి. నా భార్య వృద్ధాశ్రమంలో పని చేసేది. ఇంటికి రాగానే గరాజ్‌లోనే బట్టలు మార్చుకుని నేరుగా స్నానానికి వెళ్లేది. నేను తలుపు తీసి పక్కకు తప్పుకునేవాణ్ణి. ఆ పక్కకు తప్పుకోవడం ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

మాస్టారి ఫోన్ వచ్చింది అప్పుడే. తెనాలిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరై, మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్నకొడుకు దగ్గర ఉంటున్నారు. పెద్దకొడుకు ఊరికి అటువైపు, మౌంట్ ఆల్బర్ట్‌లో. అంతకు ముందటేడు ఏప్రిల్‌లో ఆయన భార్య పోయారు. నేను ఆంటీ అని పిలిచేవాణ్ణి.

చైత్ర బహుళ సప్తమి ఇక్కడ ఏ రోజు పడిందని అడిగారు. ఇల్లు దాటకూడదు కదా, ఎవరొస్తారని నేనడిగాను.

"పెద్దాడొస్తాడు, కోడలూ పిల్లలూ. నువ్వూ మీ ఆవిడా కూడా వస్తున్నారు."

"పోలీసులు ఆపితే, మాస్టారూ?"

"డెయిరీకి, పాలకని చెప్తారు."

"మౌంట్ ఆల్బర్ట్ నుంచి పాపటోయిటోయికి పాలకా?"

"మా కోడలికి అక్కడి పాలు పడవని చెప్తాడులే."

నవ్వాను. ఆయనా నవ్వారు. వీడియోలో చేసుకోవచ్చు కదా అన్నాను. ఫోన్లో పెట్టిన పిండం ఎవరు తింటారోయ్ అన్నారు. తిథి తప్పితే అమావాస్యకు పెట్టుకోవచ్చని కూడా చెప్పాను. అది నిజమే. అప్పుడు ఆయన గొంతు మారింది.

"మీ ఆంటీ ఏడాదినుంచీ పితృలోకానికి నడుస్తోందోయ్. తీరా చేరే రోజున ఎదురుగా ఎవరూ లేకపోతే ఎట్లా?"

ఇక ఆయన ఆగరని అర్థమైంది.

"మాస్టారూ, ఈ ఏడు అధిక మాసం ఉంది," అన్నాను.

"ఉంటే?"

"సంవత్సరీకం నెల తర్వాతికి జరుగుతుంది. చైత్రంలో కాదు, వైశాఖ బహుళ సప్తమికి."

"అట్లాగా? ముందే చెప్పవేం మరి," అన్నారు.

ఆ ఏడు అధిక మాసం నిజంగానే ఉంది. దాదాపు మూడేళ్లకోసారి అలా ఒక నెల ఎక్కువ వస్తుంది. కాని అది వచ్చింది ఆశ్వయుజంలో, ఎన్నో నెలల తర్వాత. దానికీ చైత్రానికీ ఏ సంబంధమూ లేదు. పంచాంగం తిరగేసిన ఎవరైనా పట్టుకోగలిగే అబద్ధం. ఎవరూ తిరగేయలేదు. నెలే ఎందుకు జరిపానంటే, అంకెలు దిగుతున్న తీరు చూస్తే అప్పటికి తలుపులు తెరుచుకుంటాయని లెక్కేశాను. ఆ లెక్క తప్పలేదు.

అసలు తిథి నాడు సాయంత్రం వాళ్ల వీధిలోంచి నడిచాను. వేరే దారి ఉంది. అటే ఎందుకు వెళ్లాను? మాస్టారు కంచె దగ్గర నిలబడి ఉన్నారు. రోడ్డు ఇవతలినుంచే పలకరించాను. చిన్నకోడలు కోడికూర చేస్తోంది, వాసన నీదాకా వస్తోందా అని అడిగారు. వస్తోందన్నాను. భార్య తిథి నాడు ఆ ఇంట్లో మాంసం ఉడుకుతోంది. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. బాగా తినండి మాస్టారూ అని ముందుకు నడిచాను.

వైశాఖంలో అందరూ కలిసి పెట్టారు. నేనూ వెళ్లాను. ఆక్లండ్‌లో కాకులు లేవు. పిండం కంచె మీద పెడితే అటు తిరిగేలోపే గోరింకలు వాలాయి. మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. తిథి సరిగ్గా పట్టావోయ్, లేకపోతే ఇంత తొందరగా వస్తుందా అన్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆయనకు. పాపటోయిటోయిలో గోరింకలు చిప్స్ ముక్క పడేసినా అంత తొందరగానే వాలతాయి. ఆ మాట నేను అనలేదు.

దీనికి నేను తల వంచను. ఆ చైత్రంలో వాళ్లు కలిసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, మీకూ తెలియదు. ఏమీ కాకపోయి ఉండొచ్చు. కాని నన్ను రమ్మన్నారు, నా భార్యను రమ్మన్నారు. ఆ పెద్దాయనకు రానని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ మర్నాడు నా భార్య ముసలివాళ్లకు అన్నం తినిపించడానికి వెళ్లాలి. నేను కాపాడింది మాస్టారినా? నిజం చెప్పాలంటే కాదు. మా ఇంటిని. అయితే ఏం? నా ఇంటిని కాపాడుకోవడానికి ఒక నెలను జరిపాను. మళ్లీ ఆ రోజే వస్తే మళ్లీ జరుపుతాను. చనిపోయినావిడ ఒక నెల ఎక్కువ నడిచారంటారా? ఆవిడకు కోపం వస్తే నన్ను అడుగుతారు. చెప్పుకుంటాను.

ఇంతవరకే అయితే ఇది రాసేవాణ్ణే కాదు.

తర్వాతి రెండేళ్లూ, అధిక మాసం దాటిపోయింది కాబట్టి మళ్లీ చైత్రమేనని సరైన తేదీలే చెప్పాను. సర్దేశాననుకున్నాను. ఆ మరుసటి ఏడు మళ్లీ అధిక మాసం వచ్చింది. ఈసారి మాస్టారు అడగలేదు, ఆయనే చెప్పారు. ఈ ఏడు మీ ఆంటీది వైశాఖంలో కదా అని. విద్యార్థి పాఠం అప్పజెప్పినట్టు. కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? విమానాలు తిరుగుతున్నాయి, దుకాణాలు కిటకిటలాడుతున్నాయి, భయపడాల్సిందేమీ లేదు. కాదంటే ఎందుకని అడుగుతారు. అడిగితే మొదటిది బయటపడుతుంది. ఆ తర్వాత ఈ వీధుల్లో నా లెక్కను నమ్మేదెవరు? అవునన్నాను. వైశాఖంలో పెట్టారు. వాళ్ల పెద్దబ్బాయి స్నేహితుడి ఇంట్లో కూడా ఆ ఏడు తండ్రి తద్దినాన్ని నెల జరిపారని తర్వాత తెలిసింది. మాస్టారు చెప్పారట, ఇదీ పద్ధతని.

ఈ ఏడు మళ్లీ అధిక మాసం. ఉగాది ముందే ఆయన ఫోన్ వచ్చింది. గొంతు బాగా సన్నబడింది. వైశాఖమే కదా అన్నారు. కాదు మాస్టారూ, చైత్రమే అన్నాను. ఎప్పుడూ చైత్రమే. ఆగకుండా మొత్తం చెప్పాను. లాక్‌డౌన్ సంగతి, నా భార్య ఉద్యోగం, నా భయం. వాదించాను కూడా. చివరికి ఆయన అన్నారు:

"సరేనోయ్. అప్పుడంటే లాక్‌డౌన్. మరి పోయినసారి?"

ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత మళ్లీ చెయ్యలేదు. నేను చెప్పిన తేదీకి పెట్టారో లేదో నాకు తెలియదు. నన్ను పిలవలేదు.

అధిక మాసం వచ్చిన ఏడు చైత్రంలోని తద్దినాన్ని నెల జరపాలని ఆక్లండ్‌లో మీకెవరైనా చెబితే, నమ్మకండి. అలాంటి పద్ధతి ఏదీ లేదు. దాన్ని పుట్టించింది నేనే.