నాయిన డబ్బాలో అరగోలీ

మా మర్రిగూడ వైపు ఎవరింటికైనా చుట్టం వస్తే ముందు మంచినీళ్లిస్తారు. వచ్చినవాళ్లు మోకాళ్ల మీద చేతులు ఆనించి "అమ్మా" అంటూ కూర్చుంటే నీళ్లతో పాటు ఒక గోలీ కూడా ఇస్తారు. నొప్పి గోలీ. ఇచ్చేవాళ్లు ఎక్కడ నొప్పి అని అడగరు, పుచ్చుకునేవాళ్లు ఏం గోలీ అని అడగరు. ఏళ్ల తరబడి ఒకే ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన ఎముకల మధ్య అంత విచారణ అవసరం లేదు. నల్లా నీళ్లు వచ్చాక పిల్లల పళ్లు తెల్లగా మొలుస్తున్నాయి. పెద్దవాళ్ల నడుములు మాత్రం నల్లా తిప్పగానే నిటారు కాలేదు.

మా నాయిన గోలీలు బీడీల డబ్బాలో ఉంటాయి. బీడీలు ఎప్పుడో మానేశాడు, డబ్బాకు మాత్రం బదిలీ అయింది. ఆయన మెడ తిరగదు. పక్క నుంచి ఎవరైనా పిలిస్తే, ఇరుకు సందులో లారీ మలుపు తీసుకున్నట్టు మనిషంతా తిరుగుతాడు. తెలియనివాళ్లు తమకేదో పెద్ద మర్యాద జరిగిందనుకుంటారు.

మా కుక్కకు పేరు లేదు. పెట్టొద్దని కాదు. నేనొక పేరన్నాను, మా ఇంటామె ఇంకొకటంది, ఆ చర్చ ముగిసేలోపు అది నాయిన పిలిచే "ఏందిరా"కు పలకడం నేర్చుకుంది. నేను దేవరకొండలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. ఇంట్లో నా మాట ఎంతవరకు చెల్లుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పొద్దున్నే నాయినా కుక్కా పత్తి చేను దాకా వెళ్లేవారు. కుక్క ముందు నడిచేది, ఆగేది, వెనక్కి చూసేది. నాయిన అందుకున్నాక మళ్లీ నడిచేది. కుక్కను తిప్పుకొస్తానని ఆయన, ముసలాయన్ని తిప్పుకొస్తానని బహుశా అది, ఎవరి బాధ్యత వాళ్లు మోస్తున్నట్టే బయల్దేరేవారు. ఆ నడక ఉన్నన్నాళ్లూ నాయిన కాళ్లు ఆడుతూనే ఉన్నాయి.

ఒక చలికాలం కుక్క వెనక కాళ్లు బిగుసుకున్నాయి. మొదట గడప దగ్గర తటపటాయించేది. తర్వాత పడుకోవడానికే భయపడటం మొదలుపెట్టింది. నిద్రకు కళ్లు మూతపడుతున్నా నిలబడే ఉండేది, కింద కూర్చుంటే లేవలేనేమోనని. నాయిన కూడా అలాగే మంచం పక్కన పట్టె పట్టుకుని చాలాసేపు నిలబడి, ఒక నిర్ణయానికి వచ్చాక కూర్చునేవాడు. ఇద్దరినీ ఒకే గదిలో అలా చూడటం నాకు బాగుండేది కాదు. పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ని.

కొన్నాళ్లకు కుక్క నడవా మూలలో పడుకుని ఇక లేవలేదు. నాయిన కూడా చేను దాకా వెళ్లడం మానేశాడు.

"నువ్వన్న పోయిరా నాయినా, కాళ్లు పట్టుకుపోతయి" అన్నాను.

"అది లేస్తలేదు. నేనొక్కణ్ని పోయి ఏం జెయ్యాలె? పత్తిని పలకరించి రావాల్నా?"

పక్కింటాయన నాయినకు వరసకు బావమరిది. పరామర్శకు వచ్చి, కుక్కను ఒకసారి, బావను ఒకసారి చూసి తీర్పు చెప్పాడు.

"ఇగ అయిపోయింది బావా. సూది ఏపియ్యి. దానికీ తిప్పలే, నీకూ తిప్పలే."

నాయిన మనిషంతా అటు తిరిగాడు. "లేవనోళ్లకందరికీ సూదులేస్తే మనూళ్లె మిగిలేదెవర్రా? ముందు నీకే ఎయ్యాలె."

పక్కింటాయన నవ్వాడు. నాయిన నవ్వలేదు. అక్కడ వాదన కుక్క గురించి కాదని నాకప్పుడు అర్థమైంది.

తర్వాత రెండు మూడు రోజులకు ఒక అద్భుతం జరిగింది. కుక్క లేచింది. గేటు దాకా వెళ్లి, ఒక మేకను బెదిరించి వచ్చింది. నాయిన ఆ రోజంతా ఎన్నికల్లో గెలిచినవాడిలా తిరిగాడు.

"చూసినవా? మీ కాలేజీల గిసొంటియి చెప్పరు" అన్నాడు నాతో. ఏం చెప్పరో చెప్పలేదు.

ఆ వారం గడవకముందే కుక్క తిండి మానేసింది. వాంతులు చేసుకుంది. విరేచనం నల్లగా అయింది. మా ఇంటామె నాయిన గోలీల డబ్బా తెరిచి చూసింది. ఆమెకు లెక్కలు నాకన్నా బాగా వస్తాయి.

"మామా, గోలీలు జల్దిన అయిపోతున్నయ్. ఎన్నేసుకుంటున్నవ్?"

"నేను సగమే ఏసుకుంటున్న బిడ్డా."

"మరి ఇంకో సగం?"

నాయిన మనిషంతా గోడ వైపు తిరిగాడు.

జొన్నరొట్టె ముక్కలో చుట్టి పెడుతున్నాడట, రోజూ. మా వైపు ఎవరు చూసినా తప్పు పట్టని పని అది. నొప్పి ఉన్నవాడు ఎదురుగా ఉంటే గోలీ పంచుకోకుండా ఎలా ఉంటారు? పైగా నీళ్లు కూడా ఒక్కటే తాగారు. "ఇవి నీళ్ల నొప్పులే, దానికీ నాకూ ఒక్కటే మర్జు" అని ఆయన ఎప్పుడో తేల్చేసుకున్నాడు.

ఆటోలో దేవరకొండ పశువుల దవాఖానకు తీసుకెళ్లాం. కుక్క తల నాయిన ఒళ్లో, తోక నా ఒళ్లో. దారి పొడుగునా నాయిన దాని చెవి నిమురుతూనే ఉన్నాడు. దవాఖానలో మా ముందు ఒక బర్రె ఉంది. దాని యజమాని మా కుక్కను చూసి, "గింత దానికి ఆటోనా?" అన్నాడు. మాటకు మాట చెప్పకుండా నాయిన ఊరుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

డాక్టరమ్మ కుక్క కనురెప్పల కింద చూసింది, పొట్ట నొక్కి చూసింది.

"నొప్పి గోలీ ఎవరేసిండ్రు?"

"నేనే" అన్నాడు నాయిన. "నాకు ఆరాం అయితది. దానికి గాదా?"

"పెద్దాయినా, మనం ఏసుకునేవి దీని కడుపు ఓర్చుకోదు. లోపల పుండయితది, కిడ్నీలు పోతయి. గోలీతోని నొప్పి తెలుస్తలేదు గాబట్టి ఉరికింది. ఇంకొన్ని రోజులు ఏస్తే దక్కేది గాదు."

నాయిన దవాఖాన బల్లను పట్టుకున్నాడు. "గట్లయితే… సూది ఏస్తరా?"

"ఏ సూది?"

"గా సూది."

"ముందు కడుపుకు సూది ఏస్త. గా సూది ముచ్చట ఇప్పుడొద్దు. కడుపు కుదురుకోనియ్యి. తింటాందా, తోక ఊపుతాందా, నిన్ను చూస్తే దానికి ఖుషీ అయితాందా, గవన్నీ చూడు. నొప్పి ఉన్నంత మాత్రాన బతుకు అయిపోలే. నొప్పి తప్ప ఏం మిగలనప్పుడు మాట్లాడుకుందం."

తర్వాత కుక్క నడుం కీళ్లు కదిపి చూసింది. ముసలితనంతో అరిగాయంది. నీళ్ల వల్లనా అని నాయిన అడిగితే, అది చేత్తో పట్టి చెప్పలేనంది. గోళ్లు పెరిగాయంది. బరువెక్కువంది. చివరికి నన్నడిగింది.

"ఇంట్ల కింద ఏముంది? బండలా?"

"టైల్స్ మేడం. కొత్తయి. అద్దం లెక్కుంటయి" అన్నాను. నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉండి ఉంటుంది.

"అందుకే. లేవాలంటే కాలు జారుతది. జారితే నొప్పి. నొప్పయితే లేవనే లేవదు."

నాయిన నేల చూపులు చూస్తూ మెల్లగా అన్నాడు, "నేను గూడ గోడ వట్టుకునే నడుస్తున్న."

"మరెప్పుడు చెప్పలే?" అన్నాను.

"అంత ముచ్చటపడి ఏసిండ్రు."

వచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురమూ మాట్లాడలేదు. కుక్కకైతే ఒక కారణముంది.

కడుపు కుదురుకోవడానికి మందులు పట్టాం. మొదట గంజి, తర్వాత కొంచెం పెరుగన్నం. అది మొదటిసారి గిన్నె నాకినప్పుడు నాయిన ఇంటికి వచ్చిన ప్రతివాడికీ ఆ గిన్నె చూపించాడు, ఖాళీ గిన్నె. ఆ తర్వాత డాక్టరమ్మ కుక్కలకు పనికొచ్చే మందు ఏదో రాసింది. దాన్ని మా ఇంటామె బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఎక్కడుందో నాయినకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

మిగతాదంతా నిదానం మీద నడిచే పని. మా ఇంటామె గోనెసంచులు విప్పి, బారుగా ఒకదానికొకటి కుట్టి, జారకుండా అడుగున పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికించి, కుక్క పడుకునే మూల నుంచి గడప దాకా పరిచింది. అద్దంలాంటి ఇల్లు ఒక్క పూటలో మార్కెట్ యార్డు అయింది. చుట్టాలెవరైనా ఆ సంచుల వైపు చూస్తే, "కుక్కకు" అని చెప్పేవాళ్లం. నాయిన గోడ వదిలి సంచుల మీద నడుస్తున్నాడని అందరం చూశాం. కొన్నాళ్లకు ఆ దారి ఆయన మంచం దాకా కూడా పెరిగింది. అది కూడా కుక్కకే.

గోళ్లు కత్తిరించడం నా వంతు. నేను రెండు డిగ్రీలు చదివాను, ఏ ఒక్కదాంట్లోనూ ఇది లేదు. అన్నం గిన్నెను పీట మీద పెట్టాం, మెడ వంచే పని లేకుండా. తిండి తగ్గించడం అన్నిటికన్నా కష్టమైంది. మా ఇంట్లో తింటున్నవాడి ముందు ఎవరు కూర్చున్నా ఒక ముద్ద పెట్టాల్సిందే, దానికి కాళ్లు రెండున్నా నాలుగున్నా. రొట్టె ముక్క పట్టిన చెయ్యి కిందికి దిగుతుంటే మా ఇంటామె "మామా, మేడం చెప్పింది" అనేది. చెయ్యి మళ్లీ పైకి వచ్చేది. ఆ రొట్టె ముక్కను ఆయనే తినేవాడు, శిక్ష పడ్డవాడిలా.

పొద్దునా సాయంత్రం ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి కాపడం. డాక్టరమ్మ ఒకటే చెప్పింది, ముందు మన ముంజేతికి పెట్టుకుని చూడాలి, మనకు హాయిగా ఉంటేనే దానికి పెట్టాలి అని. నాయిన ప్రతిసారీ పెట్టుకుని చూసుకునేవాడు. ముంజేతికి, తర్వాత మోచేతికి, తర్వాత ఎందుకైనా మంచిదని మోకాలికి. కుక్క ఓపిగ్గా చూసేది. తన వంతు వచ్చాక కళ్లు మూసుకునేది. ఆయన దాని తొడలు వేళ్లతో మెల్లగా, ధాన్యంలో రాళ్లు వెతికినట్టు నిమిరేవాడు. నొప్పి ఉన్నచోట వేలు తగిలితే అది అరిచేది కాదు, తల తిప్పి చెయ్యి నాకేది. ఆ చోట్లన్నీ ఆయనకు తెలుసు. ఆయనకూ అక్కడే నొప్పి.

నడిపించడానికి దాని పొట్ట కింద నుంచి నా తువాల వేసి, రెండు కొసలు నేను పట్టుకునేవాణ్ని. కొంచెం దూరమే, కానీ మాటిమాటికీ. వంగిన కుక్క, వంగిన నాయిన, తువాల పట్టుకుని నేను. పక్కింటాయన అరుగు మీద నుంచి చూసి ఆగలేకపోయాడు.

"ఏం అల్లుడా, సర్కారు నల్లా నీళ్లు తాగెటోనివి, నువ్వు గూడ వంగినవా?"

"తోడుకు మామా."

"మంచిగుంది. నన్ను గూడ ఓ దినం గట్లనే తిప్పు."

"నీకు తువాల సరిపోదు, దుప్పటి తేవాలె" అన్నాడు నాయిన. చాలా రోజుల తర్వాత ఆయన ఒకరికి మాటకు మాట చెప్పడం అదే.

ఒకరోజు పొద్దున్నే నేను తువాల కోసం వెతుకుతుంటే కుక్క మూలలో లేదు. సంచుల దారి చివర, గడప దగ్గర నిలబడి ఉంది. ఎవరూ పట్టకుండానే. నాయిన మంచం మీద నుంచి దాన్ని చూశాడు. కాలితో చెప్పులు వెతుక్కున్నాడు. పత్తి చేను దాకా కాదు గానీ, వీధి మలుపు దాకా వెళ్లి వచ్చారు. వచ్చాక ఇద్దరూ చాలాసేపు ఆయాసపడ్డారు.

ఈ మధ్య ఒకరోజు పక్కింటాయన వచ్చి, మోకాళ్ల మీద చేతులు ఆనించి "అమ్మా" అని కూర్చున్నాడు. మా ఇంటామె నీళ్లు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, ఇంకో చెయ్యి చాపి ఉంచాడు.

"ఏంది?" అన్నాడు నాయిన.

"గోలీ."

"లేదు. డబ్బాల ఉన్నయి డాక్టరు నాకు రాసినయి. నీయి నువ్వు దవాఖానల చూపిచ్చుకుని తెచ్చుకో."

మా వైపు ఇది నీళ్లు లేవన్న దానికంటే పెద్ద మాట. పక్కింటాయన మొహం మాడిపోయింది. "గంతేనా బావా? కుక్కకు పెట్టినవ్ గాని నాకు పెట్టవా?"

"పెట్టినందుకే గదరా అది సావబోయింది."

అని లేచి లోపలికెళ్లి, వేడివేడి ఉప్పుమూట పట్టుకొచ్చాడు. ముంజేతికి ఆనించుకుని చూశాడు. అలవాటుగా మోకాలికి కూడా.

"కుక్కకు కాపిన మూటనా నాకు?"

"దాని మూట వేరే ఉంది. ఫికర్ జెయ్యకు. కాలు సాపు."

ఆయన తిట్టుకుంటూనే కాలు చాపాడు. మూట తగిలాక తిట్లు కొంచెం నెమ్మదించాయి. ఇంతలో కుక్క మూలలో నుంచి లేచి, సంచుల మీదుగా గడప దగ్గరికి వెళ్లి, వెనక్కి చూసింది. వాళ్ల నడక వేళయింది.

"ఆగురా, వస్తున్న" అన్నాడు నాయిన. "వీని మోకాలు గానియ్యి."

అది ఆగింది. వెనక కాళ్లు సన్నగా వణుకుతున్నాయి, అవి ఇక ఎప్పటికీ అలాగే ఉంటాయి. కాసేపు నిలబడి చూసింది. తర్వాత నిదానంగా నడుం దించి సంచి మీద కూర్చుంది. మళ్లీ లేవగలనన్న ధీమా ఉన్నవాళ్లే అంత తీరిగ్గా కూర్చుంటారు.