కుడి చేతి కఫ్

నాకు అనుమానం ఎక్కువ. ఎవరో అంటే వచ్చిన పేరు కాదిది, నేనే ఒప్పుకుంటున్నాను. ఎవరైనా "నిజం చెప్తున్న" అని మొదలుపెడితే చాలు, అంతకుముందు చెప్పినవన్నీ మనసులో వెనక్కి తిప్పి చూసుకుంటాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మగవాళ్ల బట్టల షాపులో ఆరేళ్లు నిలబడ్డాక ఈ గుణం ఇంకా పదునెక్కింది. ముఖం అబద్ధమాడుతుంది, మాట అబద్ధమాడుతుంది. చొక్కా చేతులు మాత్రం ఆడలేవు.

పెళ్లి సూట్ల సెక్షన్ నాది. అక్కడ చొక్కా చేతి పట్టీకి, అంటే కఫ్‌కు, గుండీల బదులు పెట్టే కఫ్‌లింక్స్ అమ్మడం కంటే అవి ఏమిటో చెప్పడమే పెద్ద పని. ఒకసారి నల్గొండ వైపు నుంచి ఒకామె కొడుకు పెళ్లిచొక్కా పట్టుకుని కౌంటరు మీదికి వచ్చిపడింది.

"ఏందమ్మా, గుండీలు లేని అంగి అంటగడ్తరా? కాజాలు నాలుగున్నయ్, గుండీ ఒక్కటి లేదు! పట్నమోళ్లకు గింత మోసమా?"

మా ఓనరుది గోదావరి జిల్లా. "అయ్యో, అది అలాగే ఉంటుందండి. మా అమ్మాయి చూపిస్తుంది, కాస్త శాంతంగా చూడండి" అని ఆమెను నాకు అప్పజెప్పి తను టీకి జారుకున్నాడు. ఆమె నయం. ఇంకో ఇంటివాళ్లు చెప్పకుండా ఇంట్లోనే గుండీలు కుట్టేసుకున్నారు. పెళ్లికొడుకు చేతులు వేళ్ల చివరిదాకా మునిగిపోయి, ఉంగరం తొడగడానికి వేలు వెతుక్కోవలసి వచ్చిందట.

అందుకే అందరికీ ఒకే పాఠం చెప్పేదాన్ని. డబుల్ కఫ్ రెండింతల పొడవుంటుంది, ముందు దాన్ని వెనక్కి మడవాలి. మడిచాక నాలుగు కాజాలూ ఒకే వరుసలోకి రావాలి. మామూలు చొక్కాలా ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కించకూడదు. దండం పెట్టేటప్పుడు అరచేతులు కలిసినట్టు లోపలి వైపులు రెండూ ఆనుకోవాలి. లింకును బయటి నుంచి తోసి, అవతల తేలిన చిన్న కడ్డీని అడ్డంగా తిప్పితే ఇక ఊడదు. కొన్ని చొక్కాలకు ఒకవైపు గుండీ ఉన్నా రెండు వైపులా కాజాలుంటాయి. వాటికి మడత పని లేదు, గుండీని వదిలేసి లింకు పెట్టుకోవచ్చు. ఒట్టి గుండీ కఫ్ ఉన్నవాళ్లు మాత్రం లింకుల జోలికే పోవద్దు. ఇంత చెప్పినా ఒకాయన బ్లేడుతో కన్నం పొడిచి తెచ్చి, అది చిరిగిందని నాతో తగాదా పెట్టుకున్నాడు.

ఈ పని నాకు ఇంకో సంగతి కూడా నేర్పింది. కుడిచేతివాటం మగవాడు ఎడమ కఫ్‌కు లింకు చక్కగా పెట్టుకుంటాడు. కుడి కఫ్ దగ్గరికి వచ్చేసరికి ఎడమచేయి మొరాయిస్తుంది. కడుపుకు ఆనించుకుంటాడు, పళ్లతో పట్టుకుంటాడు. చివరికి ఎలాగో దూరుతుంది గానీ కుడి కఫ్ నలిగిపోతుంది. నలగలేదంటే ఇంకొకరు పెట్టారన్నమాట. ఇంకొకరంటే చాలాసార్లు భార్యే.

నాకు ఆ సంబంధం వచ్చినప్పుడు మొదట చూసింది అదే. మా చర్చి పెద్ద ఒకాయన తెచ్చాడు. అబ్బాయి ఎల్బీ నగర్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తాడు. తల్లి చనిపోయి మూడేళ్లు. తండ్రి గడ్డిఅన్నారం మార్కెట్లో పండ్ల పెట్టెలకు మేకులు కొట్టేవాడు, పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఇంట్లో ఉండేది ఇద్దరే.

పెళ్లిచూపులకు తెల్ల డబుల్ కఫ్ చొక్కా వేసుకుని వచ్చాడు. నీలం రాయి లింకులు. మే నెల ఎండలో, బస్సు టికెట్లు కొట్టేవాడికి కఫ్‌లింక్స్ ఎందుకు? సరే, పెళ్లిచూపులు కదా అనుకున్నాను. చాయ్ కప్పు అందుకోవడానికి కుడిచేయి చాపాడు. కఫ్ మీద ఒక్క ముడత లేదు.

తల్లి లేదు, తండ్రికి చేయి లేదు. మరి ఎవరు పెట్టారు?

నా భయానికి కారణం ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఒక సంబంధం చర్చిలో మూడు వారాలు పెళ్లి ప్రకటన చదివేదాకా వచ్చి, అతనికి ఊళ్లో పెళ్లామున్నదని తేలి ఆగిపోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు నేను చర్చిలో వెనక బెంచీలోనే కూర్చున్నాను. ఇంకోసారి మోసపోతే లేచి నిలబడే ఓపిక నాలో లేదు. అమ్మతో చెబితే "నీ అనుమానం పాడుగాను! అంగి చేతులు చూసి సంబంధం వద్దంటరా?" అని కసిరింది.

చర్చి పెద్దను అడిగి అతన్ని షాపుకు రప్పించాను. ఆదివారం కాదు, పండుగ కాదు, మామూలు బుధవారం. మళ్లీ డబుల్ కఫ్, మళ్లీ లింకులు, కుడి కఫ్ మళ్లీ ఇస్త్రీ మడతతో సహా అలాగే ఉంది.

"ఇవి ఎవరు పెట్టిండ్రు?" అని ముఖం మీదే అడిగాను.

అతను కౌంటరు వైపు చూశాడు. "నేనే."

"ఏదీ, కుడిచేతిది తీసి మళ్లీ పెట్టు, చూస్త."

అతను మా ఓనరును చూశాడు, పక్కన మా చర్చికే వచ్చే సేల్స్ అమ్మాయిని చూశాడు. "బస్సు టైమైంది, పోతా" అని మెట్లు దిగిపోయాడు. దొరికిపోయాడనుకున్నాను. సంతోషం కాలేదు, ఏడుపొచ్చింది. అతను నాకు నచ్చాడు, అదే నా బాధ.

వద్దని కబురు చేసేముందు ఒక్కసారి కళ్లారా చూడాలనుకున్నాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే మామిడికాయ పచ్చడి డబ్బా సాకుగా పట్టుకుని మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగాను. వాళ్లది సందు చివర కిరాయి ఇల్లు. తలుపు సగం తెరిచి ఉంది. గేటు దగ్గరే ఆగి, చెప్పులు చప్పుడు కాకుండా పక్కకు జరిగి తొంగిచూశాను. నా గురించి నాకు సిగ్గేసింది గానీ అడుగు వెనక్కి పడలేదు.

"కదలకురా! చేయి జర నిలుపు."

ముసలి గొంతు. కుర్చీలో తండ్రి, ఆయన ముందు నేలమీద మోకాళ్ల మీద అతను, చేయి చాపుకుని. తండ్రి కుడిచేతి వేళ్లలో నీలం రాయి వణుకుతోంది. కాజా దాకా వచ్చి పక్కకు జారింది. మళ్లీ తెచ్చాడు. మళ్లీ జారి కిందపడింది. అతను తీసి ఆయన వేళ్ల మధ్య పెట్టాడు.

"ఎన్నిసార్లు చూసినా నాకు పెట్టుకొనొస్తలేదు నాయనా."

"నీకు అంగి తొడుక్కొనుడు కూడ రాదు. పెండ్లెట్ల చేసుకుంటవ్‌రా?"

వాచీ చూసుకున్నాను. రెండు చేతులకు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆఖరి కడ్డీ తిప్పాక ఆయన కఫ్‌ను అరచేత్తో సాపు చేసి, ఒక పెట్టె మేకులు కొట్టి పక్కన పెట్టినట్టు వెనక్కి వాలాడు.

అతను బయటికి వచ్చి నన్ను చూసి తెల్లబోయాడు. నోటి మీద వేలు పెట్టి, సందు మలుపు దాకా నడిపించుకుపోయాడు. అక్కడ ఆగి కుడిచేతి లింకు తీసేశాడు. నా కళ్లలోకి చూస్తూనే, కఫ్ వైపు చూడకుండా, ఎడమచేత్తో ఒక్క దెబ్బకు మళ్లీ పెట్టాడు. ముడత పడలేదు. ఆరేళ్లలో నేను అలాంటి చేయి చూడలేదు.

"మలక్‌పేట దవాఖానల వేళ్లకు పని పెట్టమన్నరు. రబ్బరు బంతి ఇచ్చిండ్రు. నేనేమన్న చిన్న పిల్లగాన్నా అని ఇసిరికొట్టిండు. ఎవలకన్న అవసరమున్న పనైతెనే చేస్తడు. షాపుల నలుగురి ముందు చెప్తే ఆయన చెవిల పడ్తదని చెప్పలే. నాయనకు చెప్పకు."

పచ్చడి డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. డబ్బా అతని చేతిలో పెట్టి, "పెండ్లికి గూడ డబుల్ కఫ్పే కుట్టిస్త" అన్నాను.

పెళ్లిరోజు అతను నలభై నిమిషాలు ఆలస్యం. చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. పాస్టరు గారు రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లివచ్చారు. అమ్మ నా చెవిలో "ఏమన్న తిరకాసు ఉన్నదా బిడ్డా?" అంది. ఆ హాలులో ఆరోజు అనుమానం లేనిది నాకొక్కదానికే.

"ఒస్తడమ్మా. ఇంకో చేయి మిగిలినట్టుంది."

ఇది జరిగి మూడేళ్లు. అలా అని నా బుద్ధి మారలేదు. మొన్న మధ్యాహ్నం మామయ్య కిటికీ దగ్గర కూర్చుని కళ్లజోడు బాగుచేసుకుంటున్నాడు. ఆవగింజంత మర. కుడిచేతి బొటనవేలి గోటితో దాన్ని గుంటలో నిలబెట్టి తిప్పి బిగించాడు. వేలు వణకలేదు. నేను పరదా వెనక నిలబడి మొత్తం చూశాను.

మర్నాడు పొద్దున లింకు మళ్లీ కాజా దాకా వచ్చి జారింది. మళ్లీ వణికింది. కుడి కఫ్‌కే పది నిమిషాలు. చేయి బాగై ఎన్నాళ్లయిందో, కొడుకు నాటకం ఆయనకు ఎప్పటినుంచి తెలుసో నాకు తెలియదు. కొడుక్కి ఈ సంగతి తెలుసా లేదా అన్నదీ తెలియదు. అతను మోకాళ్ల మీద కూర్చుని "ఒస్తలేదు నాయనా" అంటూనే ఉన్నాడు. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాను.

మామయ్య తలెత్తాడు. "బిడ్డా, నువ్వన్న నేర్చుకోరాదు? రేపు నేను లేకపోతే వీనికెవలు పెడ్తరు?"

ఎందరు పెళ్లికొడుకులకో లింకులు పెట్టిన చేతులు నావి. డబ్బాతో సహా వాటిని వెనక్కి దాచుకున్నాను.

"నాక్కూడ ఒస్తలేదు మామా. నువ్వే పెట్టాలె."

ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని, చాలాసేపు నన్ను అనుమానంగా చూశాడు. తర్వాత ఎడమ కఫ్ అందుకున్నాడు.