గడప అవతల టీ గ్లాసు

గౌతమి బుక్కరాయసముద్రంలోని ఇంట్లోనే, కుర్చీలో కాలు మడుచుకుని, బెంగళూరు కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. ఏ ఫైలు మొరాయించినా, కంప్యూటరుపై సర్వాధికారాలూ ఉండే అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టి పని కానిచ్చేయడం ఆమె అలవాటు. దాంతో నిన్న తాను రాసిన ఫైళ్లన్నీ అడ్మిన్ పేరు మీదికి పోయి, ఇవాళ తనకే అనుమతి లేదంటున్నాయి. సాయంత్రానికి పని అప్పజెప్పకపోతే ఉద్యోగం ఉండేది అనుమానమే. అయినా ఆమెకు భయం వేయలేదు. అదే పాస్‌వర్డ్‌తో ఒక్కొక్క ఫైలునూ తన పేరు మీదికి మార్చుకుంటూ పోయింది. చివరిదీ తెరుచుకున్నాక తలెత్తితే, గడప అవతల నాయన లింగన్న టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపాయ నాయనా వచ్చి? లోపలికి రాకూడదా?"

"మీటింగప్పుడు రావద్దంటివి కదమ్మా, పోయిన సంవత్సరం."

గౌతమి లేచి, మీగడ కట్టిన ఆ గ్లాసు అందుకుని, పోయిన సంవత్సరం మాటను మార్చకుండానే మళ్లీ స్క్రీను ముందు కూర్చుంది. లింగన్న గడప అవతలే ఉండిపోయాడు.