చెవితో కొన్న టైర్లు

లోకంలో అందరూ వస్తువుని చూసి కొంటారు. మా మావయ్య విని కొంటాడు.

చదువు కోసం నాలుగేళ్ళు వాళ్ళింట్లో ఉన్నాను కాబట్టి ఈ మాట ఎవరో చెప్పగా చెబుతున్నది కాదు. పుచ్చకాయని తట్టి కొనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మావయ్య కుర్చీని తట్టి కొంటాడు, బీరువాని తట్టి కొంటాడు. చెప్పుల దుకాణంలో చెప్పులు రెండు చేతులకీ తొడుక్కుని, చెవి దగ్గర చప్పట్లు కొట్టి, “ఇవి ఒక జత కాదండీ, ఎడమదాని గొంతు వేరు” అంటాడు. దుకాణంవాడు వాటిని తిరగేసి చూసి నాలిక కరుచుకుంటాడు. గొడుగైతే ముప్పైసార్లు మూసి తెరిచి, ముప్పై ఒకటోసారి పక్కవాడి కళ్ళజోడు ఎగరగొడితే గానీ మనసు కుదరదు. ఓసారి అలారం గడియారాన్ని కొన్న గంటకే వెనక్కి పట్టుకెళ్ళాడు.

“టైము సరిగ్గానే చూపిస్తోంది కదండీ?” అన్నాడు దుకాణదారు.

“చూపిస్తోంది. కానీ ఆ టిక్కుటిక్కులో నిజాయితీ లేదు,” అన్నాడు మావయ్య.

“గడియారం దాకా ఎందుకు, నన్ను చేసుకున్నదీ అలాగేగా!” అనేది అత్తయ్య. “పక్కగదిలో నేను నవ్వుతుంటే విని, ముఖమైనా చూడకుండా సరే అనేశారు.”

“చూశాక ఏమన్నాడు?” అని నేను.

“విన్నదే ఖాయం అన్నారు.”

ఇదంతా ఉద్యోగం తెచ్చిపెట్టిన తంటా. మావయ్య నీళ్ళ శాఖలో లీకులు వినే మనిషి. రోడ్డు కింద గొట్టానికి చిల్లుపడితే పైకి ఏమీ కనబడదు. మావయ్య ఒక ఇనుప కడ్డీని నేలకి ఆనించి, దాని పైకొసనున్న చెక్క గిన్నెకి చెవి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడతాడు. కాసేపటికి “ఇక్కడ తవ్వండి” అంటాడు. తవ్వితే నీళ్ళు. ముప్పై ఏళ్ళలో రెండుసార్లే గురి తప్పాడట. ఆ రెండుసార్లూ పక్కన ఎవరో తుమ్మారట. ఆఫీసులో ఆయన పేరు ‘చెవిగారు’.

ఈ విద్య తనకి ఎనిమిదో ఏటే అబ్బిందని మావయ్యకో కథ ఉంది. వాళ్ళ వంటింటి గోడలో లీకుని చిన్నప్పుడే చెవితో కనిపెట్టాడట. వాళ్ళ నాన్న భుజం తట్టి “వీడు చెవితో బతుకుతాడు” అన్నాడట. రెండేళ్ళుగా కారెక్కిన ప్రతిసారీ ఈ కథ చెప్పేవాడు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ చెప్పేవాడు కాదు. అదెందుకో నాకు తట్టనేలేదు.

అలాంటి మనిషి కారుకి టైర్లు కొనాల్సి వచ్చింది.

ఆ కారు నాకన్నా ఏడాదే చిన్నది. పద్దెనిమిదేళ్ళుగా మా కుటుంబాన్ని మోస్తోంది. మెకానిక్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చేతులు తుడుచుకుంటూ, “ఇంజను రాయిలా ఉంది సార్. టైర్లకే కాలం చెల్లింది. రోడ్డుని పట్టుకునే బటన్లు అరిగి నున్నగా అయిపోయాయి, పక్కలు చూడండి ఎలా పగిలాయో! వానలో బ్రేకు మీరు వేస్తారు, ఆగాలా వద్దా అన్నది అది ఆలోచించుకుంటుంది. నాలుగూ మార్చాల్సిందే,” అన్నాడు.

సమయం కూడా ఎక్కువ లేదు. పదహారు రోజుల్లో చిన్నమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజు. కారులో మూడు గంటల దూరం. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని రెండేళ్ళయింది. “అక్కయ్య రాకపోతే కేకు కొయ్యను. మీరే కోసుకు తినండి, నేను గదిలో ముసుగుతన్ని పడుకుంటా,” అని అక్కడ చిన్నమ్మమ్మ ఫోనులో భీష్మించుకుంది. “ఆ కారులో నేను రాను,” అని ఇక్కడ మావయ్య దగ్గరే ఉండే అమ్మమ్మ మొండికేసింది.

“ఎందుకు రారు అత్తయ్యగారూ?” అంది అత్తయ్య.

“రానంటే రాను. మీరెళ్ళి రండి. నేను ఇంటికి కాపలా ఉంటా.”

“పోనీ బస్సులో?”

“బస్సు నాకు పడదు.”

ఇంట్లో అమ్మమ్మ నోటికి అడ్డుకట్ట వేయగల మొనగాడు లేడు. పొద్దున లేస్తే పొరుగింటి పిల్లి దగ్గర్నించి ప్రపంచ రాజకీయాల దాకా అన్నీ ఆవిడే చూసుకునేది. కారెక్కితే మాత్రం మౌనవ్రతం. వెనక సీట్లో నా పక్కన కూర్చుని, కిటికీలోంచి చూస్తూ, మేం నవ్వితే నవ్వి ఊరుకునేది. టైర్లు చూసి భయపడుతోందని అత్తయ్య అంది. మోకాళ్ళ నొప్పులని నేనన్నాను. మావయ్య వెళ్ళి కారు వెనక చక్రాన్ని వేలితో తట్టాడు.

“చూడండి,” అంది అత్తయ్య ఆయన్ని నిలబెట్టి. “పుట్టినరోజు నాటికి టైర్లు మారాలి, మీ అమ్మగారు కారెక్కాలి. కాదంటే మర్నాడే ఈ కారు పాత ఇనుముకి పోతుంది. విన్నారా?”

“విన్నాను.”

“వింటారని తెలుసు. చేస్తారా అని!”

మర్నాడు నన్ను వెంటేసుకుని టైర్ల దుకాణానికి బయల్దేరాడు. దుకాణదారు మూడు రకాలు వరసగా నిలబెట్టాడు. “ఇది ఎన్నేళ్ళయినా అరగదండీ. ఇది బురదలో కూడా పట్టు విడవదు. ఇక దీని వెడల్పు చూడండి, కారు సింహంలా ఉంటుంది!”

మావయ్య సంచిలోంచి కడ్డీ తీశాడు. సింహానికి ఆనించి, చెవి పెట్టి, గోటితో టైరు మీద గీరడం మొదలెట్టాడు.

“తమరు డాక్టరుగారా?” అన్నాడు దుకాణదారు భయభక్తులతో.

“నీళ్ళ శాఖ.”

“టైర్లో నీళ్ళుండవండీ.”

“చప్పుడుంటుంది.”

“దానికింత అవస్థ దేనికండీ? ఇదిగో, చప్పుడెంతో ఈ చీటీ మీదే అచ్చేశారు.”

మావయ్య ఆ చీటీ ముందూ వెనకా చదివాడు. “ఇది రోడ్డు పక్కన నిలబడ్డవాడికి వినబడే చప్పుడు. మావాళ్ళు రోడ్డు పక్కన నిలబడరు. లోపల కూర్చుంటారు, వెనక సీట్లో,” అన్నాడు.

దుకాణదారు చీటీ లాక్కుని చదువుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ చీటీలు అంటించి అమ్ముతున్నవాడు మొదటిసారి చదివినట్టున్నాడు. “నిజమేనండోయ్!” అన్నాడు.

అంతటితో ఆగితే మావయ్య ఎలా అవుతాడు? టైరుని నేల మీద దొర్లిస్తూ, నడుం వంచి, దాని వెంటే చెవి పట్టుకెళ్ళాడు. దుకాణం ముందు రోడ్డు పల్లం. చెవి కన్నా టైరు ముందు పోయింది. గుమ్మం దాటి, వీధి దాటి, ఎదురుగా ఉన్న క్షౌరశాలలోకి వెళ్ళి, ఖాళీగా ఉన్న కుర్చీకి ఆనుకుని పద్ధతిగా నిలబడింది. మంగలి కత్తెర పట్టుకుని, “దీనికేం చెయ్యమంటారు?” అన్నాడు. పక్క కుర్చీలో సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఈ ముచ్చట చెప్పుకున్నాడని విన్నాను.

“ఈ రకం కాదు,” అన్నాడు మావయ్య రొప్పుతూ. “పోతూ పోతూ గర్ర్‌మంది.”

నాలుగు దుకాణాలు తిరిగాం. వారం గడిచింది. తొమ్మిదోరోజు మావయ్య పెద్దరోడ్డు మలుపులో గడ్డి మీద పక్కకి తిరిగి పడుకుని, నేలకి చెవి ఆనించి, వచ్చే పోయే కార్లు వినడం మొదలెట్టాడు. క్షణాల్లో జనం మూగారు. ఒకాయన గొడుగు పట్టాడు. దారినపోతున్న నర్సమ్మ మోకాళ్ళ మీద కూర్చుని నాడి పట్టుకుంది.

“గట్టిగా ఊపిరి పీల్చండి!”

“మీరు కాసేపు పీల్చకండమ్మా,” అన్నాడు మావయ్య కళ్ళు తెరవకుండా. “ఆ ఎర్రకారు వెళ్ళిపోనివ్వండి.”

ఎర్రకారు వెళ్ళింది. మావయ్య గభాల్న లేచి దాని వెనక పరుగు తీశాడు. పోయే ప్రాణం లేచి పరిగెత్తడం చూసిన జనం చప్పట్లు కొట్టారు. సిగ్గుతో చచ్చి, నేను ఎవరికీ ఏమీ కానట్టు కరెంటు స్తంభం మీద అంటించిన ప్రకటన చదువుతూ నిలబడ్డాను. ఎర్రకారాయన ఎర్రదీపం పడ్డ కూడలిలో దొరికిపోయాడట. టైరు పేరు చెప్పించుకుని మావయ్య యుద్ధం గెలిచినవాడిలా తిరిగొచ్చాడు.

పేరు తెలిస్తే కొనేయొచ్చుగా? లేదు. పరీక్ష ఇంకా మిగిలుంది. ఆ రకం టైర్లున్న టాక్సీని వెతికి పట్టుకున్నాడు. నన్ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, చేతికి న్యూస్‌పేపరు ఇచ్చి, తను వెనక ఎక్కాడు. ఎక్కి, జేబులోంచి దూది తీసి రెండు చెవుల్లోనూ బాగా కూరుకున్నాడు.

చెవితో బతికే మనిషి చెవుల్లో దూది!

“చదువమ్మాయ్! గట్టిగా కాదు. మామూలుగా, ఇంట్లో మాట్లాడుకునేట్టు.”

“ఎక్కడికి సార్?” అన్నాడు డ్రైవరు.

“పేపరు అయిపోయేదాకా పోనీ.”

నేను వాతావరణం చదివాను, పెళ్ళిసంబంధాలు చదివాను. డ్రైవరు రెండు సంబంధాలు తన తమ్ముడికని గుర్తు పెట్టమన్నాడు. వెనకనించి మావయ్య, “ఆ మూడోదానిలో వయసెంతన్నావ్? మళ్ళీ చెప్పు,” అని అరిచాడు. చెప్పాను. “వినబడింది!” అని సీటు మీద చరిచాడు. ఆ తర్వాత బ్రేకు కొట్టించి చూశాడు. నీళ్ళతో తడిసిన రోడ్డు మీద ఇంకోసారి కొట్టించాడు. “మెత్తగా ఉందని పట్టులేని సరుకు కొంటానేమిటి?” అన్నాడు. టాక్సీ దిగాక డ్రైవరు నన్ను పక్కకి పిలిచి, “ఆయన్ని జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళమ్మా,” అన్నాడు.

పుట్టినరోజుకి రెండు రోజుల ముందు నాలుగు టైర్లూ బిగించారు. సన్నటివి, సాదాసీదావి, కారుకి మొదట్నించీ ఉన్న కొలతవే. సింహం పోలికలేం లేవు. మెకానిక్ నాలుగింటినీ తూకం సరిచేసి ఎక్కించాడు. మావయ్య ఒక్కోదాన్నీ వేలితో టకటకా తట్టి తల ఊపాడు.

“టైర్లు సరే,” అంది అత్తయ్య. “కదలనని కూర్చున్న మనిషి సంగతేమిటి?”

పుట్టినరోజు పొద్దున్నే మావయ్య వెళ్ళి అమ్మమ్మ ముందు నిలబడ్డాడు. “అమ్మా, ఒక్క వీధి చివరిదాకా రా. నచ్చకపోతే వెనక్కి తిప్పేస్తా. నా మీదొట్టు.”

అమ్మమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, రానన్న మాట మీదే ఉన్నట్టు తెలియాలని కాబోలు, ఇంట్లో తిరిగే పాత హవాయి చెప్పులతోనే వచ్చి కారెక్కింది. అత్తయ్య ముందు, మేమిద్దరం వెనక. కారు కదిలింది. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

“నాకప్పుడు ఎనిమిదేళ్ళు…” అని మెల్లగా మొదలెట్టాడు.

అత్తయ్య తల పట్టుకుంది. మావయ్య ఆగలేదు. గోడలో సన్నటి చప్పుడు, ఎవరికీ వినబడనిది తనకి వినబడటం, లీకు దొరకడం, నాన్న మురిసిపోవడం. కారు వీధి చివరికొచ్చింది. “నాన్న నా భుజం తట్టి ఏమన్నాడంటే…”

“ఒరే, ఆగు!”

మా ముగ్గురిలో ఎవరి గొంతూ కాదది.

“ఏమిట్రా ఆ కోతలు?” అంది అమ్మమ్మ ముందుకి వంగి. “లీకు కనిపెట్టింది నువ్వే. చిల్లు పెట్టిందెవరు? సంచీ తగిలించుకోడానికి గోడలో మేకు కొట్టిందెవరు? మేకు గొట్టంలో దిగితే పీకేసి, సబ్బుముక్క కూరి, రెండు రోజులు నోరు మూసుకున్నావు. గోడంతా తడిశాక ‘నాకేదో చప్పుడు వినబడుతోంది’ అని పెద్ద మొనగాడిలా వచ్చావు. మీ నాన్న తట్టిన మాట నిజమే. భుజం మీద కాదు!”

అత్తయ్య నవ్వు ఆపుకోలేక డాష్‌బోర్డు మీద వాలిపోయింది. నాకు పొట్ట నొప్పెట్టింది. మావయ్య బుద్ధిగా కారు ఆపి, వెనక్కి తిప్పడానికి స్టీరింగు పట్టుకున్నాడు. “వీధి చివరొచ్చింది. ఇంటికి పోదామా అమ్మా?”

“ఎందుకు తిప్పుతావు? ముందుకి పోనీ. ఆ బావిలో బకెట్టు సంగతి నేనింకా చెప్పలేదు!”

మూడు గంటలు అమ్మమ్మ నోరు మూతపడలేదు. గేటు దగ్గర చిన్నమ్మమ్మ ఎదురొచ్చి, అక్కయ్యని పట్టుకుని, కిందికి చూసి, “ఈ చెప్పులేమిటే?” అంది. “వీధి చివరిదాకానే బయల్దేరానే,” అంది అమ్మమ్మ. కేకు ఇద్దరూ కలిసి కోశారు.

పెరట్లో మావయ్య టైర్లు తట్టుకుంటూ కనిపించాడు. “అందుకేనా మావయ్యా దూది?” అన్నాను.

“రెండేళ్ళుగా కారులో అమ్మ నవ్వు ఆలస్యంగా వస్తోందమ్మాయ్,” అన్నాడు టైరు వైపు చూస్తూనే. “మనం నవ్వాక, మన ముఖాలు చూసి నవ్వుతోంది. ఇంట్లో అలా కాదు. వెనక చక్రాల మోతలో మన మాట ఆవిడ దాకా పోవటం లేదు. అడిగితే ఒప్పుకుంటుందా? రానంటుంది.”

“చెవిమిషను కొనిచ్చాంగా?”

“అది మోతని కూడా పెంచుతుంది. తీసి డబ్బాలో పెట్టేసింది.”

పక్కనే కూర్చున్నదాన్ని నేను. రెండేళ్ళు పట్టుకోలేకపోయాను. నాకు సిగ్గేసింది, ఆ మనిషి మీద పట్టలేనంత ప్రేమ కలిగింది. “మరి ఆ కథ? అమ్మమ్మకి వినబడితే పరువు పోతుందని తెలుసుగా!”

“నీళ్ళు వదలకుండా గొట్టం బాగుందో లేదో తెలుస్తుందా?” అన్నాడు మావయ్య. “అమ్మ విని ఊరుకోలేని కథ నా దగ్గర అదొక్కటే ఉంది.”

సాయంత్రం తిరుగు ప్రయాణం. అమ్మమ్మ కారెక్కుతూనే బావిలో బకెట్టు కథ రెండోసారి అందుకుంది. మొదటి మలుపు తిరిగాక మావయ్య జేబులోంచి దూది తీసి, వెనక అద్దంలో నన్ను చూసి కన్నుకొట్టి, అత్తయ్యకొక ముక్క, నాకొక ముక్క ఇచ్చాడు. తను మాత్రం పెట్టుకోలేదు.