పసుపుపచ్చ ఈత ట్యూబు

ఉదయం ఆరున్నరకు డ్యూటీ మీద దక్షిణ జర్మనీలోని ఓ విమానాశ్రయంలో దిగాం. వాన, సన్నగా చలి. చిన్నప్పుడే అమ్మానాన్నలతో వరంగల్ నుంచి మాగ్డెబర్గ్ వచ్చినవాణ్ణి నేను. జర్మన్ సైన్యంలో, వైద్య దళంలో చేశాను. సైనికుడంటే మనవాళ్లు తుపాకీ గురించే అడుగుతారు. కరోనా రెండో ఏడాది నా చేతికిచ్చింది ముక్కులో పెట్టే పుల్ల. నవ్వుకోండి, నేనూ నవ్వుకున్నాను.

హాల్లో అడ్డంగా తాడు. ఇవతల మధ్యధరా దీవుల్లో సెలవులు గడిపి వచ్చినవాళ్లు. అవతల అవే దీవుల శిబిరాల నుంచి తెచ్చిన శరణార్థి పిల్లలు. ఆర్డరు రెండు ముక్కలే: అందరికీ టెస్టు, పాజిటివ్ వస్తే వేరే బండి.

పదకొండింటికి స్టుట్‌గార్ట్‌లో ఉండే తెలుగు కుటుంబం వచ్చింది. నా యూనిఫాం మీద పేరు చూసి భర్త మొహం వెలిగిపోయింది.

"అన్నా, మనోళ్లేనా! టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, లేకుండనే టెస్ట్ అయితదా?"

"అయితది. ఎట్లుండె దీవి?"

"స్వర్గమే అన్నా! నీళ్లు అద్దం లెక్క."

వాళ్ల పాప నడుముకు పసుపుపచ్చ ఈత ట్యూబు, ఇంకా గాలితోనే ఉంది.

అప్పుడే అవతల ఓ ఐదేళ్ల పిల్లాడికి పాజిటివ్ వచ్చింది. వాడి చెయ్యి పట్టుకుని పదేళ్ల అక్క. ఆమెకు నెగటివ్. వాళ్లకు ఇంకెవరూ లేరు. రేడియోలో అడిగాను: "ఇద్దర్నీ ఒకే బండిలో పంపనా?"

"వీల్లేదు. విడిగా ఉండేది రెండు వారాలేగా," అంది మా సార్జెంట్.

శిబిరం పిల్లల కోసం పెట్టిన దుబాసీ ఆ మాట వాళ్లకు చెప్పాడు. ఆ పిల్ల ఏడవలేదు. తాడు కిందనుంచి దూరి వచ్చి, తెలుగు పాప ట్యూబు లాగేసుకుని తమ్ముడి తలమీదుగా తొడిగింది.

"దస్ ఇస్ట్ మైన్స్!" నాదంటూ పాప ఏడుపు లంకించుకుంది.

"దారిలో సముద్రం వస్తుందేమోనట," అన్నాడు దుబాసీ. "వాళ్లమ్మ ఆ నీళ్లలోనే పోయింది."

"ఏ దీవి అన్నా?" అన్నాడు భర్త. చెప్పాను. "అయ్యో, మేమున్నది గదే!" అని కుర్చీలో కూలబడ్డాడు. భార్య పాపను దగ్గరికి తీసుకుని, "ఉంచుకోనియ్ బిడ్డా," అంది.

అంబులెన్సులో ట్యూబు మీదుగా బెల్టు పట్టలేదు. "గాలి తియ్యి, లేకపోతే బండి కదలదు," అన్నాడు డ్రైవరు. బిరడా లాగాను. బుస్సుమంది. పిల్లాడు కెవ్వుమన్నాడు.

తర్వాత ఇద్దర్నీ కలిపారని విన్నాను. డ్యూటీ ముగించుకుని మాగ్డెబర్గ్‌లో ఇంటికి చేరిన రోజు మా ఆవిడ, "ఈసారి బీచ్‌కు పోదామా?" అంది. కళ్ల ముందు ఆ అక్కే. హాలు గాజు తలుపు అవతల నిలబడి, బుగ్గలు పూరించి, ట్యూబు ఊదమని తమ్ముడికి చూపిస్తోంది. కదిలిపోతున్న బండిలో వాడు మాస్కు కిందికి లాగి ఊదుతూనే ఉన్నాడు.