తలంటు నాటి పచ్చి చెక్కలు

ఆ రోజుల్లో మా ఇంట్లో వేణ్ణీళ్ళు మీట నొక్కితే వచ్చేవి కావు. ముందు సామిల్లుకి వెళ్ళాలి. దుంగని పలకలుగా కోసే ముందు చుట్టూ ఉన్న గుండ్రటి అంచుని రంపంతో తీసేస్తారు కదా, ఒక పక్క చదునుగా, ఇంకో పక్క బెరడుతో ఉండే ఆ పై చెక్కలు తలుపులకీ కిటికీలకీ పనికిరావు. మా కాలవగట్టు వీధిలో సగం ఇళ్ళ పొయ్యిలు వాటితోనే మండేవి. గ్యాసు లేక కాదు. మా అమ్మ దృష్టిలో గ్యాసు ఉన్నది కాఫీకీ, చుట్టాలొచ్చినప్పుడు పరువుకీ. స్నానాలకి మాత్రం పెరట్లో ఇటుకల పొయ్యి, దాని మీద ఇత్తడి గుండిగ, కింద సామిల్లు చెక్కలు. ఆ పొయ్యికి నేనే ఇన్‌చార్జిని. (డిగ్రీ రెండో ఏడు, ఫిజిక్సు. మంట గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఆ నమ్మకం నన్ను ఎంతదూరం తీసుకెళ్ళిందో చెప్పడానికే ఇదంతా.)

అప్పటికి మూడు నెలలుగా మా అక్క మా ఇంట్లోనే ఉంటోంది. పెళ్ళయి ఇంకా రెండేళ్ళు నిండలేదు. బావగారిది యానాంలో ఉద్యోగం. (యానాం అనగానే మా చుట్టాల్లో మగవాళ్ళందరికీ ఆయన మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. తీరా చూస్తే ఆయన నిమ్మకాయ సోడా దాటి వెళ్ళని మనిషి. చాలామంది నిరాశపడ్డారు.) అక్కకీ ఆయనకీ వచ్చిన గొడవ ఏ మందు గురించో అయ్యుంటే నలుగురూ కూర్చుని తేల్చేసేవాళ్ళు. కానీ అది భోజనాల బంతి గురించి వచ్చిన గొడవ. బావగారి పెదనాన్నగారింట్లో పెళ్ళికి నాన్న వెళ్ళారు. మొదటి బంతిలో విస్తరి ముందు కూర్చున్నాక, ఎవరో పెద్దమనిషి వచ్చారని, "మీరు మనవాళ్ళే కదండీ, రెండో బంతిలో కూర్చుందురుగాని" అని నాన్నని లేపేశారు. నాన్న నవ్వుతూ లేచి, గోడ పక్కన నిలబడి, రెండో బంతిలో తిని వచ్చారు. మా గోదావరి జిల్లాల మనిషిని నాలుగు తిట్టినా సర్దుకుంటాడు, విస్తరి ముందు నుంచి లేపితే మాత్రం ఏడు తరాలు గుర్తుపెట్టుకుంటాడు. అక్క అదంతా చూసింది. "పొరపాటైందని మా నాన్నకి ఒక్క మాట చెప్పండి" అంది. "పెళ్ళిళ్ళలో ఇవన్నీ మామూలే. దానికి నేను మీ నాన్న కాళ్ళు పట్టుకోవాలా ఏంటి?" అన్నారు బావగారు. మాటామాటా పెరిగింది. అక్క ఒక బ్యాగు సర్దుకుని బస్సెక్కి వచ్చేసింది.

వచ్చాక ఎవరూ తగ్గలేదు. నాన్న ఆ పెళ్ళి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, అలాగని అల్లుణ్ణి రమ్మని పిలవనూ లేదు. వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని కాలవ వైపు చూస్తూ కూర్చునేవారు. అక్క గదిలోంచి వచ్చేది కాదు. పక్కింటి పిన్నిగారు గోడ మీదనుంచి, "అమ్మాయి ఇంకా ఇక్కడే ఉందేంటండీ?" అని అడిగినప్పుడల్లా అమ్మ, "కాస్త ఒంట్లో నలతగా ఉందండి" అనేది. మూడో నెల వచ్చేసరికి పిన్నిగారు ఆ నలతని శుభవార్త కింద తేల్చేసుకుని చింతకాయ పచ్చడి పంపించారు. ఆ పచ్చడి ముందు పెట్టుకుని అక్క ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ గుర్తే. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఇక అతుక్కోదని మా అందరికీ తెలుసు, పైకి అనడానికే భయం.

ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగింది. అమ్మ ఎత్తింది. "రేపు పొద్దున్న వస్తున్నానండి అత్తయ్యగారూ" అని బావగారు పెట్టేశారు. తీసుకెళ్ళడానికో, తెంచుకోవడానికో చెప్పలేదు. అమ్మ ఫోన్ పెట్టేసి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"రేపు శనివారం. ఆయనకి తలంటు పోయించాలి" అంది.

"ఇప్పుడు తలంటేంటమ్మా?"

"నీకు తెలీదు, ఊరుకో. తలకి నూనె పెట్టించుకున్న మగాడు కోపంగా వీధిలోకి నడవలేడు. తలంటుకున్నాక భోంచెయ్యకుండా వెళ్ళలేడు. భోంచేశాక కాసేపు నడుం వాల్చకుండా ఉండలేడు. ఆలోగా ఏదో ఒకటి జరక్కపోదు. నువ్వు మాత్రం నీళ్ళు మరిగించు చాలు."

అంటే అక్క కాపురం మొత్తం నా గుండిగ మీదకొచ్చి పడిందన్నమాట. వెళ్ళి చూద్దును కదా, వానలకి చెక్కలన్నీ అయిపోయి పొయ్యి పక్కన నాలుగు పేళ్ళు మిగిలాయి.

తెల్లారగానే సామిల్లుకి పరిగెత్తాను. చెక్కల గుట్టల్లో నాకున్న పెద్ద భయం తేళ్ళు. బెరడుకీ చెక్కకీ మధ్య దూరి ఉంటాయి. అందుకని బెరడున్న చెక్కల జోలికి వెళ్ళకుండా, ఓ మూల బెరడంతా ఊడిపోయి నున్నగా, అందంగా పేర్చి ఉన్న గుట్ట చూపించి రిక్షాలో వేయించుకున్నాను. ఒకటి ఎత్తి చూస్తే మంచి బరువుంది. బరువున్న చెక్క ఎక్కువసేపు మండుతుందని నాలోని ఫిజిక్సు చెప్పింది. పురుగు పట్టకుండా దుంగల్ని నెలల తరబడి కాలవలో నానేస్తారనీ, నానిన దుంగకే బెరడు అంత శుభ్రంగా ఊడుతుందనీ, ఆ బరువంతా కాలవ నీళ్ళదేననీ ఫిజిక్సు చెప్పలేదు. (కాలవగట్టున పుట్టి, పొద్దస్తమానం ఆ దుంగల మీద కూర్చుని కాళ్ళూపిన దాన్ని నేను.) ఇంటికొచ్చి చీలుస్తుంటే చెక్క గొడ్డలిని పట్టుకుని వదల్లేదు. అప్పుడైనా బుర్ర వెలగాలి. నాణ్యమైన చెక్క అనుకున్నాను.

తొమ్మిదింటికి ఆటో ఆగింది. దిగిన బావగారి చేతిలో అక్క సూట్‌కేసు ఉంది. కాపురానికి పంపేటప్పుడు అమ్మ కొనిచ్చిన నీలం సూట్‌కేసు. ఆయన దాన్ని అరుగు మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా, "ఆవిడ చీరలండి" అన్నారు. నాన్న కుర్చీలోంచి సగం లేచారు. "బాగున్నారా బాబూ?" "బాగున్నానండి." అంతే. నాన్న మళ్ళీ కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆ పేజీ గంటసేపు తిరగలేదు.

లోపల అమ్మ మొహంలో రక్తం లేదు. "తీసుకెళ్ళడానికి వచ్చేవాడు చీరలు మోసుకొస్తాడుటే?" అంది గుసగుసగా. గది తలుపు సందులోంచి అక్క కూడా ఆ పెట్టెని చూసింది. చూసి, తలుపు వేసేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు ఇల్లంతా వినబడింది.

"నేను పదకొండు బస్సుకి వెళ్ళిపోవాలండి" అన్నారు బావగారు, కాఫీ గ్లాసు ముట్టకుండానే. అమ్మ నూనె గిన్నెతో వెనకనుంచి వచ్చి, "శనివారం పూటా మా గుమ్మంలోకి వచ్చారు. వట్టి తలతో ఎలా పంపుతాం బాబూ" అంటూ, ఆయన వద్దు అనేలోపే మాడు మీద చారెడు నువ్వుల నూనె పెట్టేసింది. చెవుల పక్కనుంచి నూనె కారుతుంటే ఆయనింక ఏమీ అనలేక చొక్కా విప్పారు. అమ్మ నాకేసి చూసిన చూపుకి అర్థం, ఇక నీదే భారం అని.

మొదట కొబ్బరి డొక్కలూ, మిగిలిన ఎండు పేళ్ళూ వేసి నీళ్ళు కాచాను. రెండు బకెట్లు బాగానే వచ్చాయి. స్నానాలగది పొయ్యి పక్కనే, మధ్యలో ఒక్క గోడ, దానికి పైన చిన్న కిటికీ. బావగారు కుంకుడు రసం తలకి పట్టించుకుని, "ఇంకో బకెట్ కావాలండీ" అని లోపల్నుంచి కేకేశారు. నేను నా నాణ్యమైన చెక్కలన్నీ ఒకేసారి పొయ్యిలోకి తోశాను. అవి మండలేదు. చివర్లనుంచి నురగలు కక్కుతూ బుసలు కొట్టాయి. తర్వాత పొగ మొదలైంది. మామూలు పొగ కాదు, తెల్లగా, తడిగా, కాలవ బురద వాసనతో. గొట్టంతో ఊదాను. ఊదినకొద్దీ పెరిగింది. కిరసనాయిలు పోశాను. భగ్గుమని, వెంటనే ఆరి, రెండింతలైంది. పదకొండు బస్సు దగ్గర పడుతోంది, నీళ్ళు చల్లారిపోతున్నాయి, పొగంతా ఆ చిన్న కిటికీలోంచి లోపలికే పోతోంది. లోపల్నుంచి దగ్గు వినబడింది. మళ్ళీ దగ్గు. తర్వాత చెంబు కిందపడ్డ చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"బావగారూ!" అని పిలిచాను. పలకలేదు. సరిగ్గా అప్పుడు ఇంట్లో గడియ తీసిన చప్పుడైంది. అక్క జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చి, "ఏవండీ! ఏవండీ!" అంటూ స్నానాలగది తలుపు రెండు చేతులా బాదింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల బకెట్టుంది, చెంబుంది, మనిషి లేడు. అక్క నాకేసి తిరిగి, "ఏం చేశావే మా ఆయన్ని!" అని అరిచింది. మూడు నెలల్లో అక్క నోట 'మా ఆయన' అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆ గాభరాలోనూ నాకది తెలిసింది.

పక్క సందులో నురగ చుక్కలు కనబడ్డాయి. ఆయన కళ్ళు కనబడక, ఆ పొగలో నాకూ కనబడకుండానే, గోడ తడుముకుంటూ వీధివైపు వెళ్ళిపోయారు. మేమిద్దరం, వెనకాల దగ్గుతూ అమ్మా, అటు పరిగెత్తాం. అరుగు మీద చూద్దుము కదా, తువ్వాలు చుట్టుకుని, నెత్తి నిండా కుంకుడు నురగతో బావగారు నాన్న ముందు కూర్చుని ఉన్నారు. నాన్న తన కండువాతో ఆయన తల తుడుస్తున్నారు. ఇద్దరి కళ్ళల్లోనూ ధారలు. "తప్పు నాదేనండి మావయ్యగారూ" అంటున్నారు బావగారు. నాన్న ఏదో అన్నారు, నాకు వినబడలేదు. అది చూసి అప్పటికే ఎర్రబడ్డ అక్క కళ్ళు మళ్ళీ కారడం మొదలెట్టాయి. అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. గోడ మీదనుంచి పిన్నిగారు, సంగతేంటో తెలియకపోయినా, కొంగు కళ్ళకి అద్దుకున్నారు.

"ఆ తడి తలతో గాలికి కూర్చుంటారేంటండీ, లోపలికి రండి" అంది అక్క. ఆయన లేచి లోపలికి వెళ్ళారు. పదకొండు బస్సు వెళ్ళిపోయింది. అమ్మ గ్యాసు మీద కాచిన నీళ్ళతో స్నానం పూర్తయింది, నాన్న పక్కనే కూర్చుని భోజనమూ అయింది. సాయంత్రం ఆ నీలం సూట్‌కేసు వచ్చినది వచ్చినట్టే మళ్ళీ ఆటో ఎక్కింది, ఈసారి అక్కతో కలిసి. నాకు మాత్రం ఆ చెక్కల గురించి నెల రోజులు తిట్లు పడ్డాయి.

తిట్లు ఆగాక నాకు తెలివొచ్చింది. అక్క కాపురం నిలబెట్టింది ఎవరు? నేను! ఆ పొగే లేకపోతే వాళ్ళ కళ్ళలో నీళ్ళెక్కడివి? ఒకరి కన్నీళ్ళు ఒకరు చూసుకుని, నిజమనుకుని, కరిగిపోయారు. ఈ కథ నేను ఎన్ని శుభకార్యాల్లో చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా నాన్న తలొంచుకుని నవ్వేవారు. బావగారూ అంతే.

నాన్న పోయి రెండేళ్ళయింది. ఈమధ్య యానాంలో అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఇంజనీరింగు చదివే వాళ్ళమ్మాయి అడిగిందని మళ్ళీ అందుకున్నాను. పొగ దగ్గరికొచ్చి, తాతగారి కళ్ళు కూడా నా చెక్కల వల్లే ఎలా కారాయో చెబుతుంటే, బావగారు మెల్లగా అడ్డొచ్చారు.

"ఆ ఒక్కటీ నిజం కాదు మరదలా. ఆ రోజు గాలి కాలవ మీదనుంచి పెరటివైపు కొడుతోంది. అరుగు మీదకి పొగ చుక్క కూడా రాలేదు. నేను తడుముకుంటూ వెళ్ళేసరికే మావయ్యగారు పేపరు చాటున ఏడుస్తున్నారు. నన్ను చూసి గబగబా తుడుచుకోబోయారు. నేను తప్పు నాదేనంటే ఏమన్నారో తెలుసా? 'ఆ పెళ్ళిలో నేను కడుపునిండానే తిన్నాను బాబూ. అమ్మాయి ఇంటికొచ్చినప్పటినుంచే నాకు అన్నం సయించట్లేదు' అన్నారు."

అక్క లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఇన్నేళ్ళూ నాన్న ముందే ఆయన ఏడుపుని నా పొగ ఖాతాలో వేసి నలుగురినీ నవ్వించాను. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు.

చివరికి నేనే, "అయితే నా చెక్కలు ఎందుకూ పనికిరాలేదంటారా బావగారూ?" అని అడిగాను, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"అలా అంటావేంటి? ఆ పొగే లేకపోతే నేను స్నానం చేసి, తల దువ్వుకుని, పౌడరు రాసుకుని నిదానంగా వచ్చేవాణ్ణి. అప్పటికి ఆయన కళ్ళు తుడిచేసుకుని, పేపరు మడతపెట్టి, 'వెళ్ళిరండి బాబూ' అనడానికి సిద్ధంగా ఉండేవారు. నేను బస్సెక్కేసేవాణ్ణి" అన్నారాయన.

అక్క కూతురు నా భుజం మీద తలపెట్టింది. తేలుకి భయపడి కాలవ చెక్కలు తెచ్చుకుని, పొగలో కూర్చుని ఊపిరాడకుండా పొయ్యి ఊదిన ఆ ఒకప్పటి ఫిజిక్సు పిల్ల నాకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.